దిండు ఎత్తు నుంచి చూసి ట్రే సర్దండి

అమలాపురంలో ఒక ఆసుపత్రి వంటగదిలో 11 ఏళ్లుగా పేషెంట్ల భోజనం ట్రేలు సర్దుతున్నాను. మొదట్లో నిలబడి చూసి, బాగుందనుకుని పంపేసేదాన్ని. ఒక పెద్దాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. తెల్ల ప్లేటులో రెండు ఇడ్లీలు, పక్కన అల్లం పచ్చడి పెట్టాను. ఆయన పచ్చడి వేలితో అద్దుకుని, "ఇడ్లీ ఏదమ్మా? ఒట్టి పచ్చడే పెట్టేవు" అన్నారు. తెలుపు మీద తెలుపు ఆయనకు కనబడలేదు.

ఆ రోజు నుంచి ప్లేటులో అరటాకు వేస్తున్నాను. కోనసీమలో దానికి కరువేముంది! లేత ఆకును ప్లేటుకు సరిపడా గుండ్రంగా కత్తిరించి, రెండు వైపులా కడగండి. సన్నటి మంట మీద ఒక్కసారి ఆడిస్తే మెత్తబడుతుంది, చెంచా తగిలినా చిరగదు. తడి లేకుండా తుడవండి, లేదంటే అన్నం కింద నీళ్లు చేరతాయి. ఇడ్లీ, పెరుగన్నం ఆ పచ్చదనం మీద తేటగా కనిపిస్తాయి. పాలకూర పప్పు, బీరకాయ కూర మాత్రం ఆకులో కలిసిపోతాయి కాబట్టి తెల్ల గిన్నెలో పెట్టండి. అంతా సర్దాక వంగి, దిండు ఎత్తు నుంచి చూడండి. గ్లాసు వెనక కూర దాక్కుంటే గ్లాసు జరపండి.

సెలైన్ సూది ఏ చేతికి ఉందో నర్సుని ముందే అడగండి. కుడిచేతికి ఉంటే చాలామంది తినరు. ఎడమచేత్తో అన్నం ముట్టుకోవడానికి మనవాళ్లకు మనసొప్పదు, పైకి మాత్రం "ఆకలి లేదండి" అంటారు. అలాంటివాళ్లకి అన్నం చారుతో మెత్తగా కలిపి, కూరముక్కలు చిన్నవి చేసి, చెంచా ఎడమవైపు పెట్టండి. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ప్లేటులో ఒక పక్క ఉన్నది తెలియదు. సగం తిన్నాక ప్లేటు తిప్పమని తోడున్నవాళ్లకి చెప్పండి.

అన్నం గుట్టగా పోయకండి, చూడగానే వెగటు పుడుతుంది. చిన్న గిన్నెతో బోర్లించండి, కావాలంటే మారు వడ్డించవచ్చు. చారు గ్లాసు సగమే నింపండి. ఉప్పు తగ్గించినవాళ్లకి వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర చల్లి, మూత మంచం దగ్గరే తియ్యండి. వాసనకే నోరూరుతుంది.

అందం కోసం డాక్టరు చెప్పిన డైట్ దాటకండి. మా వైపు పలకరించడానికి వచ్చేవాళ్లు కొబ్బరి బొండాలో, చక్కెరకేళి అరటిపళ్ల అత్తమో పట్టుకొస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్ల ట్రేలో డాక్టరు ఒప్పుకుంటే తప్ప వాటిని పెట్టకండి.

తిరిగొచ్చిన ట్రేని కడగడానికి వేసేముందు ఏం మిగిలిందో చూసి నర్సుకు చెప్పండి. నిన్న ఒకావిడ రెండు పూటలూ పెరుగన్నం వదిలేశారు. వెళ్లి అడిగితే, చల్లగా తగిలి పన్ను జివ్వుమంటోందట. ఇవాళ ఆవిడ పెరుగు అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టాను.