మెదడు గదుల్లో గడ్డ: అది పాత క్యాన్సరేనా అని తేల్చుకోవడం ఎలా?

మెదడు లోపల వెంట్రికల్స్ అనే నాలుగు నీటి గదులుంటాయి. వాటిలో కోరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల కుచ్చు రోజుకు దాదాపు అర లీటరు నీరు ఊరిస్తుంది. ఒంట్లో ఇంకెక్కడో పుట్టిన క్యాన్సర్ వచ్చి ఈ కుచ్చులో చేరడం చాలా అరుదు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఎంఆర్ఐలు చూస్తున్నాను. వీటి విషయంలో పొరపాటు జరిగేది దాదాపు ప్రతిసారీ ఒకే చోట.

పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం, మత్తుగా పడి ఉండడం కనిపిస్తే నీటి దారి మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి, న్యూరోసర్జన్ ఉన్న ఎమర్జెన్సీకి వెంటనే వెళ్లండి.

స్కాన్ సంగతి తేలిక. కాంట్రాస్ట్‌తో, అంటే గడ్డ స్పష్టంగా కనిపించేలా నరంలోకి మందు ఎక్కించి, ఎంఆర్ఐ చేయించాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, పాత స్కాన్ల సీడీలు తీసుకెళ్లండి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. ఫిల్మును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపొద్దు, సీడీయే ఇవ్వాలి.

అసలు కష్టం పాత జబ్బు గురించి రాబట్టడంలో ఉంది. ఒక పెద్దాయన ఫారంలో బీపీ, షుగర్ అని మాత్రమే రాశారు. స్కాన్‌లో పక్క గది వెనక భాగాన గుండ్రటి గడ్డ, కాంట్రాస్ట్ ఎక్కగానే తెల్లగా వెలిగింది. మామూలు మెనింజియోమా (మెదడు పొరల కణాల నుంచి పుట్టే, ఎక్కువగా క్యాన్సర్ కాని గడ్డ) కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. బయటికొచ్చి ఆయన భార్యను అడిగాను.

"అమ్మా, సార్‌కు ఎప్పుడన్నా ఆపరేషన్ అయిందా?"

"లేదు సార్."

"లోపలిదేమన్నా తీశారా?"

ఆమె ఆయన చెప్పులు సంచిలో పెడుతూ, "కిడ్నీ ఒకటి తీసిండ్రు సార్. పదకొండేళ్ల కిందటి ముచ్చట అది, అప్పుడే నయమైపోయింది" అంది.

ఈ గదుల్లోకి పాకే క్యాన్సర్లలో ముందు అనుమానించాల్సింది కిడ్నీదే. పదేళ్లు దాటాక కూడా అది తిరిగి రావచ్చు. అందుకే "క్యాన్సర్ ఉందా?" అని అడగకండి, లేదనే అంటారు. ఏ అవయవమైనా తీశారా, రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయిందా, నల్ల మచ్చ కోయించారా, ఊపిరితిత్తులకో పేగులకో వైద్యం జరిగిందా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు వాళ్ల జబ్బు పేరు చెప్పకుండా దాచేస్తాం. కాబట్టి రోగిని ఒక్కరినే అడిగితే చాలదు, ఆ రోజు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లను అడగాలి. తెలిసినదంతా తెల్లకాగితం మీద సంవత్సరాల వరుసలో రాయండి. ఫోన్‌లో వద్దు, కాగితమైతేనే ఫైలులో ఉంటుంది.

పాత క్యాన్సర్ ఉందని తెలిసినంత మాత్రాన ఈ గడ్డ కూడా అదేనని తీర్పు చెప్పేయకూడదు. మెనింజియోమా కావచ్చు, మెదడులోనే పుట్టిన వేరే గడ్డ కావచ్చు, మన దగ్గర టీబీ, బద్దెపురుగు (టేప్‌వార్మ్) తిత్తి కూడా కావచ్చు. అనుమానం మిగిలితే తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ). కిడ్నీ నుంచి వచ్చిన గడ్డలు బాగా రక్తస్రావమయ్యే రకం. పాత చరిత్ర ముందే తెలిస్తే సర్జన్ రక్తం సిద్ధం చేసుకుంటారు. ముక్కను పరీక్షించే పాథాలజిస్టు కూడా కణాలు ఏ అవయవం నుంచి వచ్చాయో పట్టించే ప్యాక్స్-8 లాంటి సరైన రంగు పరీక్షలు వేసి చూస్తారు.

చాలామంది ముందు పెట్ స్కాన్‌కు పరుగెత్తుతారు. గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునే చోట్లు అందులో వెలుగుతాయి. మెదడు మామూలుగానే గ్లూకోజ్‌ను విపరీతంగా పీల్చుకుంటుంది, ఆ వెలుగులో చిన్న గడ్డ కలిసిపోతుంది. కొన్ని కిడ్నీ క్యాన్సర్లు పెట్‌లో సరిగ్గా వెలగవు కూడా. ఒంట్లో మిగతా చోట్ల వెతకడానికి పెట్ మంచిదే, కానీ ఎంఆర్ఐ తర్వాతే.

స్కాన్ చూడకుండా నడుములోంచి నీరు తీయించొద్దు. పైన దారి మూసుకుని ఉండగా కింద నీరు తీస్తే మెదడు కిందికి జారే ప్రమాదముంది. డాక్టరు సరేనని తీసినా, శాంపిల్ ఆలస్యం లేకుండా ల్యాబ్‌కు చేరాలి. అందులో క్యాన్సర్ కణాలు లేవన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

చివరిగా, పాత ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో దరఖాస్తు పెట్టి, అప్పుడు తీసిన ముక్కను దాచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు తెచ్చుకోండి. వైద్యం పంజాగుట్ట నిమ్స్‌లో అయినా, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అయినా కొత్త ముక్కను పాతదాని పక్కన పెట్టి చూడమని అడగండి. ఆ పెద్దాయన కొడుకు ట్రంకుపెట్టె అడుగునుంచి డిశ్చార్జ్ కాగితం వెతికి తెచ్చాడు, దాంతోనే బ్లాకులు దొరికాయి. రెండింటిలోనూ ఒకే రకం కణాలు. బ్లాకులను ఎండాకాలం కారులో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.