గ్రౌట్ బండిలో ముందు నీళ్లు, తర్వాతే పొడి

చీమకుర్తి గ్రానైటైనా మామూలు టైల్సైనా, పెద్ద హాల్లో గ్రౌట్ పనైతే, అంటే పొడిలో నీళ్లు కలిపిన మాలుతో సందులు నింపే పనైతే, చక్రాల మిక్సర్ బండి అద్దెకు దొరుకుతుందేమో చూడండి. తోసుకెళ్తున్నంతసేపూ లోపల రెక్కలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మాలు అడుక్కి దిగదు. డ్రమ్ములో ముందు కొలిచిన నీళ్లు పోసి, ఆపైన పొడి కొద్దికొద్దిగా వెయ్యాలి. ఈ వరస తిరగేశారా, డ్రమ్ము మూలల్లో ఉండలు కట్టేస్తుంది, తాపీ పెట్టి గీకినా రాదు.

ఒంగోలు, నెల్లూరు ఎండకి మాలు ఇట్టే బిగుస్తుంది. మేస్త్రి 'కాసిని నీళ్లు కొడదాం సార్' అంటాడు, ఒప్పుకోకండి. ఆరాక సందు పొడిపొడిగా రాలుతుంది, రంగు కూడా మచ్చలు పడుతుంది. అందుకే కొంచెం కొంచెంగానే కలిపించండి. భోజనాలకి లేచేముందు డ్రమ్ము కడిగించడం మాత్రం దగ్గరుండి చూసుకోండి, ఎవరూ కడగరు.