మొదటి కమిట్‌కు ముందే సరిచూసుకోవలసినవి

ఫైళ్లలో మార్పులను నమోదు చేసే సాధనం గిట్. అందులో కొత్త రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర ఉండే చోటు) మొదలుపెట్టడానికి ఒక్క కమాండ్ చాలు కనుక, తొందరపాటుకు అవకాశం కూడా అక్కడే ఎక్కువ. జరిగిన పొరపాటును మొదటి కమిట్‌కు (మార్పులను చరిత్రలో నమోదు చేయడానికి) ముందు దిద్దుకోవడం నిమిషాల పని. ఆ తర్వాతైతే కొన్నిసార్లు చరిత్రనే తిరగరాయవలసి వస్తుంది.

రిపాజిటరీని మొదలుపెట్టే గిట్ ఇనిట్ కమాండ్ ఇచ్చే ముందు టెర్మినల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూసుకోవాలి. పొరపాటున హోమ్ ఫోల్డర్‌లో ఇచ్చారంటే ఫైళ్ల స్థితిని చూపే గిట్ స్టేటస్‌లో డౌన్‌లోడ్లు, ఫోటోలు, ప్రాజెక్టుతో సంబంధం లేని మరెన్నో పేర్లు బారులు తీరుతాయి. ఇంకా కమిట్ ఏదీ చేయకపోతే అక్కడ ఏర్పడిన డాట్ గిట్ ఫోల్డర్‌ను తొలగిస్తే చాలు, మిగతా ఫైళ్లకు ఏమీ కాదు. కమిట్లు ఉన్న రిపాజిటరీలో మాత్రం ఈ పని చేయకూడదు, ఎందుకంటే స్థానికంగా ఉన్న చరిత్ర అంతా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు రహస్యాలను కమిట్ చేయడం. డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీ (ఇతర సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం) వంటివి ఉండే డాట్ ఈఎన్‌వీ ఫైలు పేరును గిట్ యాడ్‌తో ఫైళ్లను కమిట్ కోసం చేర్చకముందే, గిట్ వదిలేయాల్సిన పేర్లుండే గిట్‌ఇగ్నోర్ ఫైలులో రాయాలి. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, గిట్‌ఇగ్నోర్ అప్పటికే ట్రాక్ అవుతున్న (గిట్ జాబితాలో చేరిన) ఫైళ్లను పట్టించుకోదు. వాటిని గిట్ ఆర్ఎమ్ కమాండ్‌కు క్యాష్డ్ ఆప్షన్ చేర్చి జాబితా నుంచి తప్పించాలి, అలా చేసినా పాత కమిట్లలో ఆ పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. కనుక అది ఒకసారి పుష్ అయిందంటే (గిట్‌హబ్ వంటి ఆన్‌లైన్ సేవకు చేరిందంటే) ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. చరిత్రను శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. ఈ వరుసను తలకిందులు చేసేవారూ ఉంటారు.

గిట్ యాడ్ పక్కన చుక్క పెట్టి అన్నిటినీ ఒకేసారి చేర్చే అలవాటును తొలినాళ్లలో మానుకోవడం మంచిది. డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ వంటి ఫోల్డర్లు, బిల్డ్ ఫలితాలు అలాగే లోపలికి వస్తాయి. 100 ఎంబీ దాటిన ఫైలు ఉన్న పుష్‌ను గిట్‌హబ్ తిరస్కరిస్తుంది, ఆ ఫైలును తర్వాతి కమిట్‌లో తీసేసినా సరే, పాత కమిట్‌లో ఉన్నంతకాలం తిరస్కరణ తప్పదు.

కంప్యూటర్‌లో ఇప్పటికే కమిట్లు ఉంటే, గిట్‌హబ్‌లో రిపాజిటరీ సృష్టించేటప్పుడు రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు), లైసెన్స్ చేర్చే ఎంపికలను ఎంచుకోకుండా వదిలేయండి. లేకపోతే రెండు వైపులా సంబంధం లేని రెండు చరిత్రలు మొదలై మొదటి పుష్ ఆగిపోతుంది, అక్కడ కంగారుపడి ఫోర్స్ పుష్ చేస్తే అవతల ఉన్నది చెరిగిపోతుంది.