క్లాసు కోసం ఇతరుల రచనలు కాపీ చేసే ముందు ఏం చూసుకోవాలి?

పాఠం చెప్పడానికే కదా, ఎంత కాపీ చేసినా ఫర్వాలేదనుకునే టీచర్లు చాలామంది ఉన్నారు. అమెరికాలో 1976 నాటి కాపీరైట్ చట్టం బడులకు మంచి వెసులుబాటే ఇచ్చింది. కానీ దానికి హద్దులున్నాయి.

ముందు, ఆ రచనకు కాపీరైట్ ఉందో లేదో చూడండి. 1930కి ముందు అక్కడ అచ్చయిన పుస్తకాలకు గడువు తీరిపోయింది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా రాసినవాటికి కాపీరైట్ ఉండదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఫలానా షరతులతో వాడుకోవచ్చని హక్కుదారే ముందుగా ఇచ్చే అనుమతి) ఉంటే ఆ షరతులు చదివి వాడుకోండి.

సినిమా చూపించాలా? లాభాపేక్ష లేని బడిలో, తరగతి గదిలోనే, పాఠంలో భాగంగా, చట్టబద్ధమైన కాపీతో అయితే 110వ సెక్షన్ ఒప్పుకుంటుంది. సరదాగా కాలక్షేపానికి వేస్తే ఇది వర్తించదు. ఆన్‌లైన్ క్లాసులకు నిబంధనలు వేరు.

జిరాక్స్ తీసి పంచాలంటేనే అసలు ఆలోచన కావాలి. ఫెయిర్ యూజ్ గురించి, అంటే అనుమతి లేకుండానే న్యాయమైన మేరకు వాడుకునే వీలు గురించి చెప్పే 107వ సెక్షన్ నాలుగు విషయాలు చూడమంటుంది: దేనికి వాడుతున్నారు, అది ఎలాంటి రచన, ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల అమ్మకాలు దెబ్బతింటాయా. వీటిని విడివిడిగా కాక, కలిపి తూచాలి. నా మటుకు చివరిదాన్ని గట్టిగా పట్టించుకోమంటాను. వ్యాసంలోంచి రెండు పేరాలు తీసి చర్చ పెడితే రచయితకు నష్టమేమీ ఉండదు. అదే వర్క్‌బుక్ ఒకటి కొని క్లాసంతటికీ జిరాక్స్ తీస్తే? దాన్ని తయారుచేసిందే బడులకు అమ్మడానికి. ఆ కష్టానికి రావాల్సిన డబ్బు మనమే ఆపేసినట్టు. కింద రచయిత పేరు వేయడం మంచి పనే, కానీ అది అనుమతికి బదులు కాదు.

ఎందుకు, ఎంత వాడారో తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఫెయిర్ యూజ్ అని సహేతుకంగా నమ్మి కాపీ తీసిన, లాభాపేక్ష లేని బడుల టీచర్లకు స్టాట్యూటరీ డ్యామేజెస్ (అసలు నష్టంతో నిమిత్తం లేకుండా చట్టమే నిర్ణయించిన పరిహారం) నుంచి మినహాయింపు ఉంది. ఆ నమ్మకానికి ఈ రాత ఆధారమవుతుంది.

అప్పటికీ అనుమానంగా ఉంటే ప్రచురణకర్తకు రాయండి. ఏ పేజీలు, ఎంతమందికి, ఎన్నాళ్లు అన్నది స్పష్టంగా చెప్పండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఆ రచన నెట్‌లో ఉంటే కాపీ తీయకుండా పిల్లలకు లింక్ ఇవ్వండి.