సహోద్యోగి ఫోన్ మోగుతుంటే మన బల్ల నుంచే అందుకునే పద్ధతి

విశాఖపట్నంలో ద్వారకానగర్, సిరిపురం ప్రాంతాల కార్యాలయాలలో మధ్యాహ్న భోజన వేళ ఒకరి ఫోన్ అదే పనిగా మోగుతుంటే, పక్కనున్నవారు లేచి వెళ్లేలోపే అది ఆగిపోవడం సర్వసాధారణం. అవతల ఉన్నది ఎంతో అవసరం పడి ఫోన్ చేసిన మనిషి కాబట్టి, ఆ కాల్‌ను మన రిసీవర్ నుంచే అందుకునే ‘కాల్ పికప్’ సదుపాయాన్ని ప్రతి ఉద్యోగీ తెలుసుకోవాలి.

ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా నడిచే కార్యాలయ ఫోన్ వ్యవస్థలలో సాధారణంగా రిసీవర్ ఎత్తి స్టార్ 8 నొక్కితే, మన పికప్ గ్రూపులో, అంటే ఒకరి కాల్ ఒకరు అందుకునేలా కలిపి ఉంచిన ఫోన్లలో, మోగుతున్న కాల్ మనకు వస్తుంది. అయితే ఒకేసారి రెండు ఫోన్లు మోగుతుంటే మనం అనుకున్నదే వస్తుందన్న భరోసా లేదు. అటువంటప్పుడు, ఆస్టరిస్క్‌పైనే నడిచే ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న చోట రెండు స్టార్లు నొక్కి, వెంటనే ఆ సహోద్యోగి ఎక్స్‌టెన్షన్ నంబరు, అంటే కార్యాలయంలో ఆ ఫోన్‌కు ఇచ్చిన లోపలి నంబరు, నొక్కడం మేలు. ఉదాహరణకు ఆయన నంబరు 214 అయితే స్టార్, స్టార్, 214 అన్నమాట. ఇతర కార్యాలయ ఫోన్ ఎక్స్ఛేంజీలలో, అంటే ఈపీఏబీఎక్స్‌లలో ఈ కోడ్‌లు వేరుగా ఉంటాయి కనుక, నిర్వహణ చూసేవారిని అడిగి, ఆ కోడ్‌ను ఫోన్‌కే అతికించుకోవాలి.

కోడ్ సరైనదే అయినా కాల్ రాకపోతే, చాలావరకు మీ ఎక్స్‌టెన్షన్‌ను ఆ గ్రూపులో చేర్చకపోవడమే కారణం. కాల్ అందుకున్నాక ముందుగా కార్యాలయం పేరు, ఆపై మీ పేరు చెప్పి, ఫోన్ చేసినవారి పేరు, నంబరు, పని రాసి సహోద్యోగి బల్లపై ఉంచండి.