చెన్నైలో క్లైమేట్ పరిశోధనకు వస్తున్న తెలుగువాళ్లకు

ఆఫర్ లెటర్ రాగానే అందరూ ఆఫీసుకు దగ్గరలో ఇల్లు వెతుకుతారు. మన రంగంలో చేరేవాళ్లు ఆ పని కాస్త చూసుకుని చేయాలి. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ), అదే ఆవరణలో ఉన్న తీర పరిశోధన కేంద్రం, పవన శక్తి సంస్థ, మూడూ వేళచ్చేరి–తాంబరం రోడ్డు మీద పళ్ళికరణైలో ఉన్నాయి. పళ్ళికరణై పెద్ద చిత్తడి నేల. 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. దక్షిణ చెన్నైలో కురిసిన వాన చాలావరకు అక్కడికి చేరి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోవాలి. ఆ దారి నిండా ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ వేళచ్చేరి వైపు వీధులు మునిగాయి. అద్దె ఎంత తక్కువైనా గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దు. 2015లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఇంటి ఓనర్ని అడిగితే "మా వీధికి రాలేదు" అనే అంటాడు. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి, మోకాలిదాకానా నడుందాకానా అన్నది చేత్తో చూపిస్తాడు.

ఐఐటీ మద్రాసులోనో, తరమణిలోని స్వామినాథన్ ఫౌండేషన్‌లోనో చేరేవాళ్లకు ఇంత ఇబ్బంది లేదు. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరికి నడిచే ఎంఆర్‌టీఎస్ రైలు దారిలో తిరువాన్మియూర్, మైలాపూర్ ఉన్నాయి, ఆ చుట్టుపక్కల చూసుకోవచ్చు. గిండీలో అన్నా విశ్వవిద్యాలయం వాళ్లకు మెట్రో ఉంది.

అడ్వాన్స్ గురించి ఒక మాట. పది నెలల అద్దె అడగడం ఇక్కడ పాత అలవాటు. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే ఐదారు నెలలకైనా దిగుతారు. నీళ్ల సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. మెట్రో వాటర్ (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షన్ ఉందా, బోరా, వేసవిలో లారీ తెప్పించుకోవాలా, ఆ ఖర్చు ఎవరిది? 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. పూండికి వచ్చే నీళ్లలో తెలుగుగంగ నీళ్లూ ఉన్నాయి. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ సోమశిల, కండలేరు మీదుగా ఇక్కడికి వస్తుంది. నెల్లూరు వాళ్లు ఈ విషయం ఓనరుకు చెప్పి చూడండి, అద్దె మాత్రం తగ్గదు.

ఇక డబ్బు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. అంకె బాగానే ఉంది, అది ఒకటో తారీఖున పడుతుందని మాత్రం లెక్క వేసుకోవద్దు. మూడు నెలలది ఒకేసారి పడటం ఇక్కడ ఎవరికీ వింత కాదు. అడ్వాన్స్ కాకుండా కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రండి. ఫెలోషిప్‌ను నమ్ముకుని ఈఎంఐ మొదలుపెట్టకండి. ఇంట్లోవాళ్లు "ఇది చదువా, ఉద్యోగమా?" అని అడుగుతూనే ఉంటారు. దానికి నా దగ్గరా జవాబు లేదు.

అంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకోటి ఉంది. ఓనరు, ఆటో డ్రైవరు, ఊళ్లో మావయ్య, అందరూ అడిగేది: "ఈ వాన క్లైమేట్ చేంజ్ వల్లేనా?" చేరిన కొత్తలో చాలామంది "అవును" అనేస్తారు. కొందరు అరగంట లెక్చర్ ఇస్తారు. 2015 డిసెంబరు వాననే తీసుకోండి. తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్లు పడింది. ఆ వాన మీద అంతర్జాతీయ బృందం ఒకటి పనిచేసింది. మనుషుల వల్ల పెరిగిన వేడి ప్రభావం ఆ వానలో తమకు కనిపించలేదని రాసింది. బంగాళాఖాతం పడమటి వైపు ఉపరితల ఉష్ణోగ్రత అప్పటికి పెద్దగా పెరగకపోవడం, గాలిలోని సన్నటి రేణువులు (ఏరోసోళ్లు) వేడిని కొంత అడ్డుకోవడం కారణాలు కావచ్చని చెప్పింది. అదే సమయంలో, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందన్నదీ నిజమే. చెరువులు, కాలువలు పూడ్చడం వల్ల ఇళ్లు మునిగాయన్నదీ నిజమే. ఈ మూడింటినీ కలిపేయకుండా, మావయ్యకు అర్థమయ్యేలా రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పడం మొదటి ఏడాదే అలవాటు చేసుకోండి. నన్నడిగితే పీహెచ్‌డీలో పెట్టే మౌఖిక పరీక్ష, కాంప్రహెన్సివ్ వైవా కంటే ఇదే గట్టి పరీక్ష. అక్కడ అడిగేవాళ్లకు మన మాటలు ముందే వచ్చు.

పరిశోధనాంశం ఎంచుకునేటప్పుడు కూడా ఈ ఊరిని వాడుకోండి. దేశమంతా నైరుతి రుతుపవనాల మీద పనిచేస్తుంది, డబ్బూ పేపర్లూ అటే ఎక్కువ. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరులో, ఈశాన్య రుతుపవనాల్లో వస్తుంది. దాని మీద పనిచేసేవాళ్లు తక్కువ, చేయాల్సింది చాలా ఉంది. కోస్తా ఆంధ్ర దక్షిణ భాగానికీ ఆ వానే దిక్కు. డేటా తీసుకున్నాక ఒక్కసారి మ్యాప్ మీద పెట్టి చూడండి. వాతావరణ శాఖ 1901 నుంచి ఇస్తున్న గ్రిడ్ వర్షపాతం డేటాలో ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే అటూ ఇటూ సుమారు 27 కిలోమీటర్లు. చెన్నై కార్పొరేషన్ మొత్తం 426 చదరపు కిలోమీటర్లే. నగరమంతా ఒకటి రెండు గడుల్లో సర్దుకుంటుంది. వేళచ్చేరి ఎందుకు మునిగిందో ఆ ఫైలు చెప్పలేదు. సీనియర్లు ఈ మాట చెబుతారు, కాకపోతే మీరు ఆరు నెలలు కోడ్ రాశాక చెబుతారు.

సముద్రం వైపు పనిచేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఓడ ఎక్కే అవకాశం వస్తుంది. పరిశోధన నౌక సాగర్ నిధిని నడిపేది ఎన్‌ఐఓటీయే. పేరు ఇవ్వడానికి మొహమాటపడకండి, ముఖ్యంగా అమ్మాయిలు. ఇంట్లో ఒప్పించడానికి టైం పడుతుంది కాబట్టి తేదీ ఖరారయ్యేదాకా ఆగకుండా ముందే చెప్పి ఉంచండి. వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

పేపర్లు రాకముందే పెద్ద పనిలో చేయి వేయడానికి ఒక దారుంది. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) నివేదికల ముసాయిదాలు సమీక్షకు వచ్చినప్పుడు, తమకు ఆ విషయంలో నైపుణ్యం ఉందని చెప్పుకుని ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. ఒంటరిగా చేయడం భయమైతే యెస్, ఎపెక్స్ లాంటి యువ శాస్త్రవేత్తల సంఘాలు బృందంగా సమీక్షలు చేయించాయి, వాటిలో చేరండి. ఐపీసీసీ ఏడో దఫా నివేదికల్లో నగరాల మీదే ప్రత్యేక నివేదిక ఉంది. ఒక అధ్యాయం సమీక్షిస్తే, ఒక్క వాక్యం వెనక ఎంత వాదన నడుస్తుందో తెలుస్తుంది.

రోజంతా గ్రాఫులు పైకే పోతుంటే మనసు బాగుండదు. దానికి తోడు గైడ్ టెన్షన్, ఏడాదికోసారి పొడిగించే పోస్ట్‌డాక్ కాంట్రాక్టు. నిద్ర పట్టని రోజులు వారాల తరబడి సాగితే క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, అది మీ రికార్డుకెక్కుతుందని భయపడకండి. మామూలు దిగులైతే సాయంత్రం బెసెంట్ నగర్ బీచ్, ఆదివారం టీ నగర్‌లో ఆంధ్రా భోజనం చాలు. తమిళం రాదని కంగారు వద్దు. పాత ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. మార్కెట్లో నాలుగు ముక్కలు తమిళం మాట్లాడితే మాత్రం ధర తగ్గుతుంది.

చివరగా, సంక్రాంతి టికెట్. రైల్వే బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే మీ వంతు నవంబరు మధ్యలో, ల్యాబ్ అంతా బంగాళాఖాతంలో అల్పపీడనం వైపు చూస్తున్న రోజుల్లో వస్తుంది. పొద్దున ఎనిమిదికి అలారం పెట్టుకోండి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్ మొదలవుతుంది.