గిట్‌కు 1930ల నాటి పత్రికా ప్రకటన తయారు చేయడం ఎలా?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు పాతకాలపు ప్రకటనను అనుకరిస్తూ పోస్టరు వేయాలనుకునేవారు చాలామంది కాగితానికి పసుపు రంగు పులమడంతో మొదలుపెట్టి, మరకలూ మడతలూ దిద్దడంలోనే ఓపికంతా ఖర్చు చేసి, చివరికి మధ్యలో ‘ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి’ అని రాసి ముగిస్తారు. అటువంటి పోస్టరులో పాతది కాగితం ఒక్కటే. ప్రకటనకు కాలం తెచ్చిపెట్టేది దాని భాష, అది చేసే వాగ్దానం.

సామగ్రి సులభం. అక్షరాలకు ఇంక్‌స్కేప్, బొమ్మకు గింప్ అనే సాఫ్ట్‌వేర్లు చాలు. శీర్షికకు రామభద్ర ఫాంటు, కింది వాక్యాలకు మండలి వాడాలి. రెండూ స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. మూడో ఫాంటు వాడకూడదు. సిరాలు నలుపు, ఎరుపు మాత్రమే. 1924లో మద్రాసులో మొదలైన ‘భారతి’ పత్రిక పాత సంచికల స్కాన్లలో ప్రకటనల పేజీలను ఒక పూటంతా చదివిన తరువాతే పనిలో దిగాలి.

తరువాత సాఫ్ట్‌వేర్‌ను ఏ పాతకాలపు సరుకుగా ప్రకటించాలో ఎంచుకోవాలి. గిట్ పని ప్రోగ్రాము ఫైళ్లలో చేసిన మార్పులను గుర్తుపెట్టుకోవడం కాబట్టి దానికి మతిమరుపు లేహ్యం అన్ని విధాలా సరిపోతుంది.

అసలు కష్టం వాక్యరచనలో ఉంది. పాత మందుల ప్రకటన ఆకాశమంత వాగ్దానం చేస్తుంది. మన ప్రకటన కూడా అదే గొంతుతో మాట్లాడాలి, కాని అందులోని ప్రతి మాటా సాఫ్ట్‌వేర్ విషయంలో నిజమై ఉండాలి. ఉదాహరణకు నేను ఇలా రాస్తాను: ‘నిన్న తుడిచివేసిన పంక్తిని నేఁడు వెదకి విలపించు ప్రోగ్రామరులారా! గిట్ లేహ్యమును సేవింపుఁడు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో మఱవక చెప్పును.’ ఇక్కడ ‘ఏల మార్చిరో’ అని కూడా చేర్చాలనిపిస్తుంది, చేర్చకూడదు. మార్పులను గిట్‌లో నమోదు చేయడాన్ని కమిట్ అంటారు. మార్పుకు కారణం ఆ కమిట్ సందేశంలో మనం రాస్తేనే గిట్‌కు తెలుస్తుంది. ‘పోయినదెల్ల తిరిగి వచ్చును’ అన్నది ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే కమిట్ చేయని మార్పులు పోతే గిట్ వాటిని తిరిగి తేలేదు.

ఇటువంటి పరిమితులను దాచనక్కరలేదు, వాటికి మందు సీసా మీదే చోటుంది. ‘మోతాదు: పని కొంత ముగిసినప్పుడెల్ల ఒక చిన్న కమిట్’ అనీ, ‘పథ్యము: పాస్‌వర్డులు కలుపరాదు’ అనీ రాయాలి. పొరపాటున చేర్చిన పాస్‌వర్డును ఆ తరువాత ఫైలులోంచి తీసివేసినా అది పాత చరిత్రలో మిగిలే ఉంటుంది గనుక ఈ పథ్యం అక్షరాలా నిజం. యోగ్యతాపత్రం కావాలంటే నిజమైన మనుషుల పేర్లతో మాటలు కల్పించకూడదు. గిట్‌ను లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ పని కోసమే రాశారు. ఆ వాస్తవం ఒక్కటే చాలినంత గొప్ప యోగ్యతాపత్రం.

అన్నింటికంటె ముఖ్యమైనది చివరి పంక్తి. పాత ప్రకటనలు ‘నకిలీలున్నవి, జాగ్రత్త’ అని బెదిరించేవి, తయారీ రహస్యమని గొప్ప చెప్పుకొనేవి. మన మందు గుణం సరిగ్గా దానికి విరుద్ధం కాబట్టి ఎర్ర సిరాతో ‘నకలు తీయుఁడు, మార్చుకొనుఁడు, పంచుఁడు, పంచునప్పుడు మూలమును గూడ ఈయవలెను’ అని వేయాలి. మూలమంటే సోర్స్ కోడ్. గిట్‌కు వర్తించే జీపీఎల్ అనే లైసెన్సు రెండవ వెర్షను షరతు సారాంశం ఇదే. పోటీ కంపెనీలను ఎగతాళి చేసే పోస్టర్లు నాకు నచ్చవు. ఈ ఒక్క పంక్తి చెప్పే తేడా ముందు ఆ ఎగతాళి వెలవెలబోతుంది.

కాలానికి సంబంధించిన వివరాల్లో తప్పు దొర్లకూడదు. దశాంశ నాణేలు 1957లో వచ్చాయి కాబట్టి వెలను రూపాయలు, అణాలు, పైలుగా ‘రు. 0-0-0’ అని వేయాలి. పిన్‌కోడ్ 1972లో వచ్చింది కాబట్టి చిరునామాలో ‘జి.టి. (జార్జి టౌన్), మద్రాసు’ అంటే చాలు. అరసున్న, బండి ఱ అలంకారాలు కావు, ఎక్కడ పడితే అక్కడ చల్లకూడదు. నిఘంటువు చూసి, ఉండవలసిన చోటే పెట్టాలి.

బొమ్మకు గింప్‌లోని న్యూస్‌ప్రింట్ ఫిల్టరుతో చుక్కలు తెప్పించి, ఎరుపు పొరను నలుపు నుంచి వెంట్రుకవాసి పక్కకు జరపాలి. అక్షరాల మధ్య ఎడం పెంచకూడదు, ఒత్తులు చెదురుతాయి. అచ్చుకు ఇచ్చేముందు ఇంక్‌స్కేప్‌లో అక్షరాలన్నింటినీ పాత్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా, మార్చడం తప్పనిసరి. చెన్నై ట్రిప్లికేన్‌లోని అచ్చు షాపు కంప్యూటరులో మన తెలుగు ఫాంటు ఉండదు, తమిళానికి ఒత్తులు లేవు గనుక అక్కడి కుర్రవాడికి విరిగిన ఒత్తు కనిపించదు, వంద కాపీలు అచ్చయ్యాక గాని మనకు తెలియదు.

పోస్టరుతోపాటు, అక్షరాలను పాత్‌గా మార్చకముందరి ఇంక్‌స్కేప్ ఎస్‌వీజీ ఫైలును కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ అందుబాటులో పెట్టాలి. ఇంకొకరు వాక్యాలు మార్చి వేరే సాఫ్ట్‌వేర్‌కు వాడుకోవాలంటే పనికివచ్చేది ఆ ఫైలే.